జైలు వార్డర్ జీతం, సంఘం హక్కు: ఒక సుదీర్ఘ ప్రయాణం

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ ఏజెన్సీ మండలం. పాఖాల అభయారణ్యాన్ని ఆనుకొని ఉన్న ఈ ఊళ్లలో ఇంటర్ పాసైన కోయ, లంబాడా పిల్లలకు అందుబాటులో కనిపించే సర్కారు కొలువు కానిస్టేబుల్ ఉద్యోగమే. 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి ఇచ్చిన నోటిఫికేషన్‌లో సివిల్, సాయుధ రిజర్వ్ (ఏఆర్), ప్రత్యేక పోలీసు పోస్టులతో పాటు అగ్నిమాపక శాఖ, జైళ్ల శాఖ పోస్టులు కూడా ఉన్నాయి. పురుష వార్డర్లు 136 మంది, మహిళా వార్డర్లు 10 మంది. ప్రిలిమ్స్ అందరికీ ఒకటే. వేతన స్కేలు కూడా ఒకటే: 24,280 నుంచి 72,850 రూపాయలు. ఒకే ఊరి ఇద్దరు స్నేహితులు ఒకే గదిలో చదివి, ఒకే పరీక్ష రాసి, ఒకరు ఠాణాకు, మరొకరు జైలుకు వెళ్లవచ్చు.

అయితే ఈ సమానత్వం నోటిఫికేషన్ కాగితం మీద కనిపించినంత సాఫీగా సర్వీసులో సాగదు. సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు, ప్రమోషన్లు, అలవెన్సులు, సెలవులు, సమాజంలో గుర్తింపు, అన్నింటా వార్డర్‌ది విచిత్రమైన స్థానం. ఆంక్షల విషయానికి వస్తే అతన్ని పోలీసుతో సమానం చేస్తారు. హక్కులు, ప్రయోజనాల దగ్గర మాత్రం వేరే శాఖవాడంటారు. ఈ స్థితి ఎలా వచ్చిందో, దాన్ని మార్చడానికి ఉద్యోగులు సంఘటితం కావడం ఎందుకు అవసరమైందో తెలియాలంటే 130 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తప్పుకుంటే నేరం

భారతదేశంలో జైళ్ల సంస్కరణ చర్చ 1838లో మెకాలే సభ్యుడిగా ఉన్న జైలు క్రమశిక్షణ కమిటీ నివేదికతో మొదలైంది. ఆ తర్వాత మరికొన్ని కమిటీలు వచ్చాయి. వాటన్నిటి ఫలితం 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలపాటు మన జైళ్లను నడిపింది ఈ చట్టమే.

ఖైదీల మీద ఆంక్షల కోసం ఈ చట్టాన్ని చదివేవాళ్లు ఎక్కువ. ఉద్యోగి మీద ఉన్న ఆంక్షలు చదివేవాళ్లు తక్కువ. 54వ సెక్షన్ చూడండి. జైలర్ గానీ అతని కింది ఉద్యోగి గానీ అనుమతి లేకుండా, లేదా రెండు నెలల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా విధుల నుంచి తప్పుకుంటే అది నేరం. సెలవు ముగిశాక కావాలని ఆలస్యంగా రావడం నేరం. అనుమతి లేకుండా మరో పని చేయడం నేరం. పిరికితనం చూపడమూ నేరమే. శిక్ష 200 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ రోజుల్లో 200 రూపాయలంటే వార్డర్ నెల జీతానికి ఎన్నో రెట్లు. వేరే శాఖలో డ్యూటీకి రాకపోతే మెమో వస్తుంది. జైలులో రాకపోతే మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సి వచ్చేది. తాను కాపలా కాసే గది తలుపు తనకూ తెరుచుకునే ఉందన్న మాట.

వార్డర్ జీతం తక్కువగా ఉండటానికి ఒక బలమైన కారణం కూడా ఆ చట్టంలోనే ఉంది. సత్ప్రవర్తన గల ఖైదీలనే కన్విక్ట్ వార్డర్లుగా, కన్విక్ట్ ఓవర్సీర్లుగా పెట్టుకునే పద్ధతి ఆనాటి జైళ్లలో విస్తారంగా ఉండేది. అలా నియమితులైన ఖైదీలను 23వ సెక్షన్ ప్రభుత్వోద్యోగులుగానే పరిగణించింది. శిక్ష తగ్గింపు, చిన్న సౌకర్యాల కోసం పనిచేసే ఖైదీ అందుబాటులో ఉండగా, జీతం తీసుకునే వార్డర్‌కు మంచి జీతమివ్వాలన్న ఒత్తిడి సర్కారు మీద ఎందుకు ఉంటుంది? కాపలా పని అంటే చవక పని అన్న అభిప్రాయం అలా స్థిరపడింది. 1919–20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఖైదీని సంస్కరించడమే జైలు లక్ష్యమని తొలిసారి స్పష్టంగా చెప్పింది. శిక్షణ పొందిన సిబ్బంది చేతిలోనే ఖైదీల సంరక్షణ ఉండాలని కోరింది. లక్ష్యం మారింది గానీ జీతం పుస్తకం అంత వేగంగా మారలేదు.

ఓరుగల్లు జైలు గోడల లోపల

కొత్తగూడ ప్రాంతానికి జైలంటే తరతరాలుగా వరంగల్ సెంట్రల్ జైలే. నిజాం కాలంలో 1886లో కట్టిన ఆ జైలులో దాశరథి కృష్ణమాచార్య, కాళోజీ నారాయణరావు లాంటి వాళ్లు బందీలుగా గడిపారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, తర్వాత నక్సలైట్ ఉద్యమ దశాబ్దాల్లో పాఖాల, ములుగు అడవుల నుంచి ఎందరో యువకులు ఆ గేటు దాటి లోపలికి వెళ్లారు. వాళ్ల చరిత్ర పుస్తకాలకెక్కింది. వాళ్లను రాత్రింబవళ్లు కాపలా కాసిన వార్డర్ల చరిత్ర ఎక్కడా నమోదు కాలేదు.

అసలు వార్డర్ పని ఏమిటి? పొద్దున లాకప్ తీసి లెక్క చూడాలి. ములాఖత్ దగ్గర నిలబడాలి. కోర్టుకు వెళ్లేవాళ్లను, తిరిగి వచ్చేవాళ్లను గేటు దగ్గర తనిఖీ చేయాలి. వర్క్‌షాప్‌లో పనిముట్లు లెక్కపెట్టి అప్పజెప్పించుకోవాలి. రాత్రి బ్యారక్‌ల చుట్టూ తిరగాలి. ఒకరు పారిపోతే సస్పెన్షన్. ఒకరు ఆత్మహత్య చేసుకుంటే విచారణ. లోపల ఘర్షణ జరిగితే రెండు వైపులా సమాధానం చెప్పుకోవాలి. పండగ రోజు కూడా లెక్క సరిపోవాల్సిందే. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలో జైళ్ల ఆక్యుపెన్సీ 131 శాతం దాటింది. మంజూరైన సిబ్బంది పోస్టుల్లో 30 శాతం దాకా ఖాళీగా ఉండటం ఏళ్లుగా ఉన్న సమస్య. కేంద్రం రూపొందించిన నమూనా జైలు మాన్యువల్ ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలంటుంది. ఆ నిష్పత్తి లేనిచోట మిగిలినవాళ్ల మీద పడే అదనపు గంటలకు జీతం పట్టీలో ప్రత్యేక వరుస ఉండదు.

2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూల్చి, ఆ స్థలంలో మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి పునాది వేశారు. హైదరాబాద్‌లో ముషీరాబాద్ జైలు స్థలంలోకి గాంధీ ఆసుపత్రి వచ్చినట్టే ఇదీ. ప్రజలకు పెద్ద ఆసుపత్రి రావడం మంచిదే. అయితే ఖైదీలను ఇతర జైళ్లకు తరలించినప్పుడు బంధువులకు ములాఖత్ దూరమైంది. సిబ్బందికీ స్థానచలనం తప్పలేదు. ఇంటి అద్దె, పిల్లల బడి, భార్య ఉద్యోగం, అన్నీ కదిలిపోయే ఇలాంటి నిర్ణయాల ముందు ఉద్యోగుల మాట వినడానికి ఒక వేదిక ఉండాలి. సంఘం అవసరం జీతం కంటే ముందే ఇక్కడ మొదలవుతుంది.

సంఘం పెట్టుకోవచ్చా?

రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 33వ అధికరణం సాయుధ దళాలకు, శాంతిభద్రతల బలగాలకు ఆ హక్కును పరిమితం చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. దాని ఆధారంగా 1966లో వచ్చిన చట్టం పోలీసులు అనుమతి లేకుండా యూనియన్లలో చేరడాన్ని నిషేధించింది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. జైలు ఉద్యోగులు పోలీసులు కారు. కాబట్టి సాధారణ ప్రభుత్వోద్యోగికి ఉన్న హక్కే వాళ్లకూ ఉండాలి.

ప్రభుత్వోద్యోగి హక్కు మీద 1962లో సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులిచ్చింది. కామేశ్వర ప్రసాద్ కేసులో ప్రభుత్వోద్యోగులు ప్రదర్శనలు జరపరాదన్న నిబంధన చెల్లదంది. ఓ.కె. ఘోష్ కేసులో ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో చేరరాదన్న నిబంధనను కొట్టేసింది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన పౌరుడు పౌరుడు కాకుండా పోడని ఆ తీర్పుల సారం. అయితే సమ్మె ప్రాథమిక హక్కు కాదని రెండు తీర్పుల్లోనూ స్పష్టంగా ఉంది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో, అంటే టి.కె. రంగరాజన్ కేసులో, సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది.

ఇక కార్మిక చట్టాల సంగతి. పారిశ్రామిక వివాదాల చట్టంలో కార్మికుడు అన్న నిర్వచనం నుంచి పోలీసు సర్వీసులో ఉన్నవాళ్లను, జైలు అధికారిని, జైలులోని ఇతర ఉద్యోగిని మినహాయించారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మినహాయింపును అలాగే ఉంచింది. పోలీసుకు వర్తించే నిషేధ చట్టంలో జైలు పేరు లేదు. కార్మికుడికి రక్షణ ఇచ్చే చట్టం మాత్రం జైలును పేరు పెట్టి మరీ బయట ఉంచింది. వార్డర్ రెండు గోడల మధ్య నిలబడ్డది ఇక్కడే. అంతర్జాతీయ కార్మిక సంస్థకు చెందిన సంఘ స్వేచ్ఛ కమిటీ మాత్రం జైలు సిబ్బందికి సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని చెబుతూ వచ్చింది. భారతదేశం సంఘ స్వేచ్ఛకు సంబంధించిన 87వ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఎన్జీవోల బాటలో

తెలుగునాట ప్రభుత్వోద్యోగుల సంఘాలకు ఘనమైన చరిత్ర ఉంది. 1969 తెలంగాణ ఉద్యమంలో టీఎన్జీవోల (తెలంగాణ నాన్-గెజిటెడ్ ఉద్యోగుల) సమ్మెకు నాయకత్వం వహించిన కె.ఆర్. ఆమోస్ ఉద్యోగం కోల్పోయి, జైలుకు వెళ్లారు. ఉద్యోగ సంఘ నాయకులు జైలు గదుల్లో ఉన్నప్పుడు వాళ్లను కాపలా కాసినవాళ్లూ ప్రభుత్వోద్యోగులే. లోపలివాళ్లు అడిగే వేతన సవరణ వస్తే బయట నిలబడినవాళ్లకూ వర్తిస్తుంది. 2011లో సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె ఉద్యోగుల ఐక్యత బలాన్ని దేశానికి చూపింది. అలాంటి రోజుల్లో కూడా జైలు గేటు మూయడానికి వీల్లేదు. ఖైదీకి అన్నం పెట్టడం, మందులివ్వడం, కోర్టుకు పంపడం ఒక్క పూట కూడా ఆగకూడదు. కాబట్టి వార్డర్ బలం సమ్మెలో ఉండదు. తోటి ఉద్యోగ సంఘాలతో సోదర బంధంలో ఉంటుంది.

ఆ బంధం పనికొచ్చే చోటు వేతన సవరణ సంఘం, అంటే పీఆర్సీ. ప్రతి పీఆర్సీ ఉద్యోగ సంఘాల నుంచి వినతులు తీసుకుంటుంది. ఏ కేడర్‌కు ఏ స్కేలు, ఏ పోస్టుకు ఏ అలవెన్స్ అన్నది శాఖలవారీగా పరిశీలిస్తుంది. అక్కడ లెక్కలతో, ఆధారాలతో వాదించగల సంఘం ఉన్న కేడర్‌కు న్యాయం జరుగుతుంది. సంఘం లేని కేడర్ సగటు శాతంతో సరిపెట్టుకుంటుంది.

సగటు శాతం చిన్నదేమీ కాదు. 2010 సవరణలో కానిస్టేబుల్ స్థాయి స్కేలు 8,440తో మొదలైంది. రాష్ట్రం ఏర్పడ్డాక, 43 శాతం ఫిట్‌మెంట్ (వేతన పెంపు శాతం) ఇచ్చిన 2015 సవరణలో అది 16,400 అయింది. తర్వాత సి.ఆర్. బిస్వాల్ నేతృత్వంలోని తెలంగాణ తొలి పీఆర్సీ 7.5 శాతం ఫిట్‌మెంట్ చాలంది. ఉద్యోగ సంఘాలు ఒక్కటై వ్యతిరేకించాయి. 2021 మార్చిలో ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది. 24,280 స్కేలు ఆ సవరణలోదే. నివేదిక చెప్పిన దానికి, చేతికి వచ్చిన దానికి మధ్య తేడా సంఘాల ఐక్యత తెచ్చింది. 2023లో రెండో పీఆర్సీని ఎన్. శివశంకర్ అధ్యక్షతన వేసి 5 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు.

కానీ స్కేలు ఒక్కటే జీతం కాదు. వార్డర్ నుంచి హెడ్ వార్డర్, చీఫ్ హెడ్ వార్డర్, ఆ పైన డిప్యూటీ జైలర్ వరకు వెళ్లే దారి ఇరుకు. శాఖ చిన్నది కాబట్టి పై పోస్టులు కూడా తక్కువే. అందుకే ప్రమోషన్ రాకపోయినా 6, 12, 18, 24 ఏళ్లకు పై స్కేలు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమే చాలామందికి పెద్ద ఊరట. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ బదులు కంట్రిబ్యూటరీ పెన్షన్ వచ్చింది. ప్రమాద భత్యం, సెలవు రోజున పనిచేసినందుకు వేతనం, క్వార్టర్లు, రాత్రి డ్యూటీ లెక్క వంటి విషయాల్లో పోలీసు శాఖతో పోల్చి అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. అడగాలంటే తులనాత్మక పట్టిక ఉండాలి, రాసేవాళ్లుండాలి, సంతకం పెట్టే ప్రతినిధి ఉండాలి. సంఘం చేసే నిత్యకృత్యం అదే.

ఇతర చోట్ల అనుభవం

యూనిఫాం ఉద్యోగి ఒంటరిగా గొంతెత్తితే ఏమవుతుందో ఇటీవలే చూశాం. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రత్యేక పోలీసు కానిస్టేబుళ్లు పోలీసులందరికీ ఒకే సర్వీసు ఉండాలనే ఏక్ పోలీస్ విధానం కోరుతూ ఆందోళనకు దిగారు. భార్యాపిల్లలు రోడ్డెక్కారు. ప్రభుత్వం 39 మందిని సస్పెండ్ చేసింది, 10 మందిని సర్వీసు నుంచి తొలగించింది. తాము మాట్లాడలేని చోట కుటుంబం మాట్లాడాల్సి రావడం ఆ ఉద్యోగం ఎంత నోరు కట్టేసిందో చెబుతుంది. రాజస్థాన్‌లో జైలు సిబ్బంది పోలీసులతో సమాన వేతనం కోసం 2023 జనవరిలో మెస్ బహిష్కరించారు. డ్యూటీ వదల్లేదు, భోజనం వదిలారు. ఖైదీలు నిరసనకు వాడే నిరాహారదీక్షనే ఉద్యోగులూ చేపట్టాల్సి వచ్చింది. కేరళలో జైలు సబార్డినేట్ ఉద్యోగుల సంఘం ఏళ్లుగా పనిచేస్తోంది. సంఘం ఉన్నంత మాత్రాన జైలు గోడలు కూలవని అది రుజువు చేసింది.

బ్రిటన్ చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ పోలీసులు, జైలు అధికారులు కలిసి ఒకే జాతీయ యూనియన్‌గా ఏర్పడ్డారు. 1918, 1919లలో సమ్మెలు చేశారు. 1919 చట్టం ఆ యూనియన్‌ను అణచేసింది. సమ్మెలో పాల్గొన్న జైలు అధికారులు ఉద్యోగాలు కోల్పోయారు. 20 ఏళ్ల తర్వాత, 1939లో, ప్రిజన్ ఆఫీసర్స్ అసోసియేషన్ ఏర్పడింది. 1994 చట్టం జైలు అధికారులను సమ్మెకు ప్రేరేపించడాన్ని నిషేధించింది. అయితే 2001లో అక్కడ జైలు సిబ్బంది జీతాల మీద ఏటా సిఫారసు చేసే స్వతంత్ర సమీక్షా సంఘాన్ని ఏర్పాటు చేశారు. సమ్మె హక్కు తీసుకున్న రాజ్యం దానికి బదులుగా నిష్పాక్షిక వేతన నిర్ణయం ఇవ్వాలన్న సూత్రం అది. ఆ సూత్రాన్ని కూడా ప్రభుత్వం సరిగ్గా పాటించలేదని, ఒప్పుకున్న పెంపును విడతలుగా ఇస్తోందని 2007 ఆగస్టులో జైలు అధికారులు మెరుపు సమ్మె చేశారు. మాట ఇవ్వడంతోనే సరిపోదు, సకాలంలో నిలబెట్టుకోవాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా చరిత్రలో ఇంకో పాఠం ఉంది. 1957లో మొదలైన అక్కడి జైలు అధికారుల సంఘం 1980ల నుంచి అపారమైన రాజకీయ బలం సంపాదించింది. సభ్యుల జీతాలు దేశంలోనే మెరుగైన వాటిలో ఒకటయ్యాయి. అదే సంఘం 1994లో మూడోసారి నేరానికి అతి కఠిన శిక్ష వేసే చట్టాన్ని సమర్థించింది. జైళ్లు కిక్కిరిశాయి. 2011లో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి ఖైదీల సంఖ్యను జైళ్ల సామర్థ్యంలో 137.5 శాతానికి తగ్గించాలన్న ఆదేశాన్ని సమర్థించాల్సి వచ్చింది. ఖైదీల సంఖ్య పెరగడం మీద ఉద్యోగి బాగు ఆధారపడితే ఆ సంఘం దారి తప్పినట్టే.

తెలంగాణకు కావలసింది

మన రాష్ట్రానికి జైళ్లు కిక్కిరిసే ఆ ప్రమాదం ఇంకా రాలేదు. తెలంగాణ జైళ్లలో 2022లో ఆక్యుపెన్సీ నూరు శాతం లోపే ఉంది. ఖైదీలు తగ్గి కొన్ని సబ్ జైళ్లు మూతపడ్డాయి. ఖైదీలతో పెట్రోల్ బంకులు నడిపించడం, మై నేషన్ పేరుతో జైలు ఉత్పత్తులు అమ్మడం దేశానికి కొత్త దారి చూపాయి. చంచల్‌గూడలో రాష్ట్ర శిక్షణ సంస్థ, వెల్లూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం 1979లో వచ్చిన సంస్థ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నాయి. శాఖ పేరులోనే సంస్కరణ సేవలు చేరాయి. జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా కమిటీ 1983లో చెప్పినట్టు, సిబ్బంది ఎంపిక, శిక్షణ, సర్వీసు పరిస్థితులు జైలు సంస్కరణలో విడదీయలేని భాగాలు. సంస్కరణ పని అప్పగించి, కాపలా జీతం ఇవ్వడం న్యాయం కాదు.

కాబట్టి సంఘం మీద అనుమానం మానాలి. గుర్తింపు నిబంధనల ప్రకారం రిజిస్టరైన సంఘం ప్రభుత్వానికి శత్రువు కాదు, ముందస్తు హెచ్చరిక ఇచ్చే వ్యవస్థ. బ్యారక్‌లో ఎక్కడ సిబ్బంది తక్కువో, ఎవరు వరుసగా రాత్రి డ్యూటీలు చేసి అలసిపోయారో, ఏ చోట లంచానికి దారి తెరుచుకుంటోందో మొదట తెలిసేది దానికే. అర్ధాకలితో ఉన్న వార్డర్ చేతికి సిగరెట్ ప్యాకెట్, సెల్‌ఫోన్ లోపలికి పంపే బేరం వస్తుంది. మంచి జీతం ఆ బేరాన్ని బలహీనపరుస్తుంది. ఖైదీని కొట్టే చేయి తరచూ అలసిన చేయి, భయపడిన చేయి.

ఇందుకు మూడు పనులు జరగాలి. మొదటిది, ఒకే పరీక్ష రాసి ఒకే స్కేల్లో చేరిన కానిస్టేబుల్‌కు, వార్డర్‌కు అలవెన్సులు, ప్రమోషన్ కాలం, సెలవులు కూడా సమానమని సర్వీసు రూల్స్‌లోనే రాయాలి. ప్రతి పీఆర్సీ ముందూ మళ్లీ అడుక్కునే పరిస్థితి ఉండకూడదు. రెండోది, సమ్మె చేయలేని ఉద్యోగి కాబట్టి గడువుతో కూడిన స్వతంత్ర వేతన సమీక్ష హక్కుగా ఇవ్వాలి. మూడోది సంఘం తన మీద తాను పెట్టుకోవాల్సిన నియమం: జీతం కోరే ప్రతి వినతిపత్రంలో ఖైదీల వైద్యం, ములాఖత్, సిబ్బంది నిష్పత్తి గురించి ఒక పేరా ఉండాలి. కాలిఫోర్నియా తప్పు ఇక్కడ జరగకుండా కాపాడేది ఆ పేరానే.

1894 చట్టం వార్డర్‌ను డ్యూటీ వదిలితే శిక్షించాల్సిన మనిషిగా చూసింది. 1962 తీర్పులు అతన్ని మాట్లాడే హక్కున్న పౌరుడిగా గుర్తించాయి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఏ కోర్టూ, ఏ కమిటీ తనంతట తాను పూర్తిగా దాటించలేదు. ఆ దూరం దాటించేది, కలిసి నిలబడి, లెక్కలు చూపించి, తోటి ఉద్యోగులను, ఖైదీలను కూడా తన వాదనలో కలుపుకునే సంఘమే. కొత్తగూడ నుంచి రేపు జైలు యూనిఫాం వేసుకునే యువతీయువకులు సర్వీసులో చేరిన మొదటి నెలలోనే ఆ సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. వాళ్ల జీతానికీ, వాళ్ల చేతిలో ఉండే ఖైదీల ప్రాణానికీ అది రక్షణ.